అప్‌డేట్: మా భీముడు నీళ్లలోకి దిగాడు

మే నెలలో అడిగాను కదా, సియాటిల్‌లో ఉంటున్నాం, మా రెండేళ్ల న్యూఫౌండ్‌లాండ్ కుక్కకి (ఎలుగుబంటిలా ఉండే, ఈతకి పేరున్న జాతి) నీళ్లంటే భయం, ఈ జాతి కుక్కల లోకల్ క్లబ్‌లో చేరాలా అని. చేరాం.

మొదటి ఆదివారం చెరువు ఒడ్డున ఎలుగుబంట్ల జాతర చూసినట్టుంది. మావాడికి వేళ్ల మధ్య పొర ఉంది, నీళ్లు త్వరగా ఇంకని రెండు వరసల బొచ్చుంది, ధైర్యం తప్ప అన్నీ ఉన్నాయి. నేను టెన్షన్‌తో తొయ్యబోతే క్లబ్‌లో ఒక పెద్దావిడ ఆపి, "ముందు మీరు దిగండి" అన్నారు. మోకాలి లోతులో నిలబడి పిలవగా పిలవగా నాలుగో వారం వచ్చాడు! ఇప్పుడు తాడు నోట కరుచుకుని చిన్న పడవని లాగుతున్నాడు. న్యూఫౌండ్‌లాండ్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ల 'వాటర్ డాగ్' పరీక్షలో, అంటే నీళ్లలో కుక్క చేసే పనుల పరీక్షలో, ఇదీ ఒకటి.

కారు సీట్ల గతి అడక్కండి. తడి బొచ్చు, చొంగ.

ప్రాక్టీసయ్యాక అందరూ తలో వంటకం తెస్తారు. మా పులిహోర పది నిమిషాల్లో ఖాళీ.

వచ్చే నెల బండి లాగడం నేర్పుతారట. సంక్రాంతి ఎడ్లలా ముస్తాబు చేద్దామని మా ఆవిడ ఇప్పటికే మువ్వలు కొనేసింది.