ఎస్వీ రంగారావు గారిని తయారు చేసింది నాటకమా, కెమెరానా?

కొబ్బరితోట, అమలాపురం:
అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి మూడేళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నాడు. నటన నేర్చుకుంటానని హైదరాబాద్ వెళ్తే, అక్కడి మాస్టారు మొదటిరోజే "నాటకం వాసన వదిలించుకో, లేకపోతే కెమెరా ముందు అతి అయిపోతుంది" అన్నారట. వాడు ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేశాడు. ఎస్వీ రంగారావు గారు కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలు ఆడే కదండీ సినిమాల్లోకి వెళ్లింది? ఆయన్ని చూశాక కూడా నాటకం పనికిరాదని ఎలా అంటారు?

గాంధీనగరం, కాకినాడ:
హ్యాపీ క్లబ్బు మా ఊరి గర్వం, కాదనను. కానీ మాస్టారి మాటలో కొంత నిజముందండి. ఎస్వీఆర్ మొదటి సినిమా 'వరూధిని' ఆడలేదు. వేషాలు రాక ఉద్యోగానికి వెళ్లిపోయారు. 1950లో 'షావుకారు'లో సున్నం రంగడుగా, 1951లో 'పాతాళభైరవి' మాంత్రికుడుగా నిలదొక్కుకున్నారు. నాటకానుభవమే సరిపోయేదైతే మొదటి సినిమాతోనే నిలబడాలి కదా?

తణుకు టీచర్:
సినిమా ఆడకపోతే అది నటుడి తప్పెలా అవుతుందండీ? నేను ఇరవై రెండేళ్లు రంగు వేసుకున్నదాన్ని. తీర్థాల్లో మైకు మొరాయించినా, వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మకి మాట వినపడాలి. అరిస్తే రెండో రాత్రికే గొంతు పోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట దగ్గర ఆగాలో తెలియాలి.

'మాయాబజార్' (1957) చూడండి. 'వివాహ భోజనంబు' పాడింది మాధవపెద్ది సత్యం గారు. కానీ ఆ గొంతు ఎస్వీఆర్ ఛాతీలోంచే వస్తున్నట్టుంటుంది. పెదవులు కదిలిస్తే అలా రాదు, ఒళ్లంతా పాటతో పాటు ఊగాలి. ఇంకో సంగతి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా సావిత్రి గారు చేస్తారు కదా, అప్పుడు తెరమీద ఎస్వీఆర్ లేరు. అయినా ఆ నడకలో ఆయనే కనిపిస్తారు! ఒకరి నడకను ఇంకొకరు అంత తేలిగ్గా పట్టుకోగలిగారంటే ఆ నడక ఎంత స్పష్టంగా ఉండాలి? అది రంగస్థలం ఇచ్చిందేనని నా నమ్మకం. సావిత్రి గారూ చిన్నప్పుడు నాటకాలు ఆడినావిడే.

గాంధీనగరం, కాకినాడ:
టీచర్ గారూ, అది పౌరాణికం. అక్కడ భారీగా చేస్తేనే అందం. 'నర్తనశాల' కీచకుడికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, అదీ అంతే. మరి 'బంగారు పాప' కోటయ్య మాటేమిటి? మొరటు మనిషి, పసిపిల్లను పెంచుకుంటూ మెత్తబడతాడు. ఆ మార్పంతా కళ్లలోనే. నాటకంలో ఆ కళ్లు మూడో వరుసకి కూడా అందవు. ఆ పని దర్శకుడు బి.ఎన్.రెడ్డి గారి కెమెరా ముందు నేర్చుకున్నదేనని నేనంటాను.

రామచంద్రపురం హార్మోనియం:
ఆయ్, కళ్ల సంగతి ఒప్పుకుంటానండి. కానీ నాటకాలవాడంటే అరిచేవాడన్న లెక్క తప్పు. రావు గోపాలరావు గారూ మన కాకినాడ వైపు నాటకాల మనిషే. 'ముత్యాల ముగ్గు' (1975) కాంట్రాక్టరు తాపీగా, అరుగు మీద కబుర్లు చెప్పినట్టు మాట్లాడుతూనే భయపెట్టాడు. ఆ విరుపు ఊరికే రాదు, రిహార్సల్స్‌లో నలిగితేనే వస్తుంది. బాబాయ్ గారూ, మాస్టారు వదిలేయమన్నది అరుపునైతే వదిలేయమనండి. విరుపును మాత్రం వదలొద్దనండి.

కొబ్బరితోట, అమలాపురం:
మీరు రాసినవన్నీ రాత్రి ఫోన్లో వాడికి చదివి వినిపించాను. 'బంగారు పాప' రెండుసార్లు చూశాడట, రెండోసారి సౌండ్ తీసేసి. "నాన్నా, పాపను ఎత్తుకునేటప్పుడు ఆయన చేతులు చూడు" అన్నాడు. గాంధీనగరం గారూ, కళ్లు కెమెరా నేర్పిందన్నారు, సరే. ఆ చేతులు ఎవరు నేర్పారంటారు? క్లాసులు మానడట. సంక్రాంతికి మా ఊళ్లో నాటకం ఉంది, దానికీ వస్తానన్నాడు. వేషం ఉంచమని మా వాళ్లకి చెప్పేశాను.