తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళడం మాటిమాటికీ మానేస్తున్నాడు. ఇంటికి దగ్గరలో వైద్యం కొనసాగించే దారి ఉందా?

ప్రశ్న: విశాఖపట్నం గోపాలపట్నం నుంచి ఒక అక్క

మా తమ్ముడు ఆరేళ్ళుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్నాడు. మందులు సక్రమంగా పడినన్నాళ్ళూ ఎన్‌ఏడీ కూడలి దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో పనికి వెళ్తాడు, జీతం తెచ్చి అమ్మ చేతికిస్తాడు. నాలుగైదు నెలలు గడిచేసరికి మాత్రం ఆసుపత్రికి వెళ్ళడం ఆపేస్తాడు. పోయిన సంక్రాంతి తరువాత అలాగే ఆపేశాడు. పెరట్లో మందార కుండీ మట్టి తిరగేస్తుంటే పద్దెనిమిది మాత్రలు బయటపడ్డాయి, కొన్ని సగం కరిగిపోయి ఉన్నాయి. ఓపీలో ఒక రోజంతా పోతుంది, ఆ రోజు కూలీ పోతుంది, పైగా తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని వాడి భయం. ఇంటికి దగ్గరగా చూపించుకునే వీలుంటే చెప్పగలరు.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, మద్దిలపాలెం

అమ్మా, వీలుంది. మన ఊళ్ళో మానసిక వైద్యశాల 1871 నాటిది కాబట్టి ఈ జబ్బంటే వాల్తేరులోని ఆ ఆసుపత్రి గోడల లోపలి సంగతేనని జనంలో నాటుకుపోయింది. కానీ 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశమే వైద్యాన్ని ఆ గోడలు దాటించడం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారిచేత మందుల పేర్లు, మోతాదు స్పష్టంగా రాయించుకుని, దగ్గరి కేంద్రానికి వెళ్ళి అడగండి. మాత్రలు దాచేస్తున్నాడంటే రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్ గురించి కూడా అడగవచ్చు, అయితే అది తమ్ముడు ఒప్పుకున్నాకే.

ఇంటికి వచ్చి పలకరించే మనిషి ఉంటే ఫలితం ఉంటుందనడానికి ఆధారం కూడా ఉంది. గోవా, సతారా, కాంచీపురం ప్రాంతాల్లో 282 మందితో జరిగి 2014లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆసుపత్రి వైద్యానికి తోడు శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళినవారిలో, ఆసుపత్రి వైద్యం మాత్రమే అందినవారికంటే ఏడాది చివరికి లక్షణాలు, వైకల్యం కొంత ఎక్కువగా తగ్గాయి. మన ఆశా కార్యకర్తలకు ఇటువంటి శిక్షణ ఇచ్చి పంపాలని నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే వచ్చాను.

జవాబు: ఒక తండ్రి, అనకాపల్లి

సదరం ధ్రువపత్రం, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. మానసిక అనారోగ్యం వల్ల వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు నిర్ధారిస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మా అబ్బాయి పింఛను డబ్బులో మొదటి ఖర్చు ఆసుపత్రికి వెళ్ళే ఆటోదే. రాత్రివేళ పరిస్థితి చేయి దాటుతున్నట్టనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు: ఆరిలోవ నుంచి, ఈ జబ్బుతో బతుకుతున్న వ్యక్తి

అక్కగారూ, అందరూ కేంద్రం ఎక్కడుందో చెప్పారు గానీ మాత్రలు కుండీలో ఎందుకు పడ్డాయో తమ్ముణ్ణి అడగమని ఎవరూ అనలేదు. నేనూ పారేసేవాణ్ణి. మందు వేసుకుంటే కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు, టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చేలోపు సగం చొక్కా మీద ఒలికేది. ఆ మాట డాక్టరుగారితో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఎందుకంటే గదిలో నా తరఫున ఎప్పుడూ మా అన్నయ్యే మాట్లాడేవాడు. చెప్పిన రోజునే మందు మార్చారు. ఇంకొకటి: నర్సుగారు చెప్పిన ఆ 2017 చట్టం కిందే తన తరఫున నిలబడే ప్రతినిధిని మీ తమ్ముడు తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి తానే ఎంచుకోవచ్చు. మా ఇంట్లో నేను మా వదినను ఎంచుకున్నాను.

మళ్ళీ ప్రశ్న అడిగిన అక్క

నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పొద్దున్న మాత్ర వేసుకుంటే స్క్రూ కూడా సరిగ్గా కనబడదక్కా, మత్తుగా ఉంటుంది. రెండు ఫోన్లు పాడుచేశాను, ఓనరు జీతంలో కోసేశాడు" అన్నాడు. మాత్రను రాత్రికి మార్చవచ్చునేమో అడగడానికి గురువారం ఇద్దరం వెళ్తున్నాం. లోపల వాడే మాట్లాడతానన్నాడు, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను.