హేనెల్ 310 ఎయిర్ రైఫిల్: గుండు బారెల్‌లనే ఆగుతంది, స్ప్రింగ్ మార్చాల్నా?

హనుమకొండ_310:
అన్నలకు నమస్తే. తూర్పు జర్మనీ కాలం నాటి హేనెల్ 310, బోల్ట్ రిపీటర్ (పిడి లాగినప్పుడల్లా కొత్త గుండు ఎక్కుతది), 6 గుండ్ల మ్యాగజైన్. రెండేండ్లు బీరువాలనే ఉన్నది. బోల్ట్ లాగితే బరువు ఎప్పటి లెక్కనే ఉంది, కాక్ కూడా అయితంది (స్ప్రింగ్ బిగిసి కాల్చడానికి తయారుగ నిలుస్తంది). కానీ మూడు గుండ్లల్ల ఒకటి బారెల్ మధ్యల ఆగుతంది. బయటికొచ్చినవి 10 మీటర్ల దగ్గర అట్టను కూడా చీలుస్తలేవు. గుండ్ల డబ్బా మీద సీసం గుండ్లు 4.5 అని ఉంది. లేత్ షాపుల గట్టి స్ప్రింగ్ చుట్టిస్తమంటున్నరు. చుట్టించాల్నా?

లేత్‌పట్టి:
చుట్టించకు. లాగే బరువు తగ్గలేదంటున్నవు, అంటే స్ప్రింగ్ నీరసపడలేదు. బరువు అట్లనే ఉండి దెబ్బ తగ్గిందంటే గాలి ఎక్కడనో పోతంది. గట్టి స్ప్రింగ్ పెడితే గాలి ఇంకా పోతది, పైగా బోల్ట్ మీద, ట్రిగ్గర్ సియర్ (స్ప్రింగ్‌ను ఆపి పట్టే కొక్కెం) మీద అనవసరపు బరువు పడ్తది.

నీ దాంట్ల రెండు తప్పులు కలిసినయి. మొదటిది గుండు. ఈ రైఫిల్ బోరు, అంటే బారెల్ లోపలి వెడల్పు, 4.4 మిల్లీమీటర్లు. హేనెల్ ఒక్కటే కాదు, జర్మనీ ఉల్మ్‌ల చేసిన అన్‌షూట్జ్ 275 రైఫిల్ కూడా 4.4 గుండ్రటి సీసం బాలే తింటది. 4.5 బాల్ మ్యాగజైన్‌ల ఇరుక్కుంటది, లేదంటే బోల్ట్ ముక్కు దాన్ని చప్పట చేసి బారెల్‌లకు దూరుస్తది. చప్పటైన గుండు మధ్యల ఆగకపోతేనే ఆశ్చర్యం. నడుము సన్నగున్న మామూలు ఎయిర్‌గన్ పెల్లెట్లు మ్యాగజైన్‌ల అసలే నడవయి. స్టీలు బాల్స్ జోలికి పోవద్దు, లోపల గీతలున్న బారెల్‌ను అరగదీస్తయి, గోడకు తగిలి మన ముఖం మీదికే వస్తయి.

ఒక చిన్న పనిముట్టు చేసుకో: 3 మి.మీ. ఇనుప పట్టీకి 4.4 డ్రిల్‌తో రంధ్రం వేసి అంచు నున్నగ చెయ్. సొంత బరువుతో దాంట్లకెళ్లి జారిన గుండ్లే మ్యాగజైన్‌కు. ఆగింది పక్కకు. అనుమానం ఉంటే వెర్నియర్‌తో (సన్న కొలతల పనిముట్టు) ఒక్కటి చూడు, 4.45 దాటొద్దు.

రెండో తప్పు పిస్టన్ తోలు వాషర్ ఎండిపోవడం. స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తే, గాలి పక్కలకెళ్లి పోకుండ ఆపేది ఈ తోలే. మే నెల ఎండకు బీరువాల ఉంటే తోలు కట్టె లెక్క అయితది, అంచు సిలిండర్ గోడకు అంటదు.

కాజీపేట_రైలు:
పైన చెప్పినదాన్కి ఇరుక్కున్న గుండు సంగతి కలుపుతున్న. మ్యాగజైన్ తియ్యి, స్ప్రింగ్ కాక్ కాలేదని చూడు. 4 మి.మీ. ఇత్తడి కడ్డీ మూతి వైపు నుంచి పెట్టి మెల్లగ తట్టు, గుండు వెనక్కి వచ్చి బోల్ట్ ముక్కు దగ్గర కూసుంటది. కడ్డీ బయటికి తీసినంకనే మ్యాగజైన్ లేకుండ ఒకసారి కాక్ చేసి మందపాటి అట్టల పెట్టెలకు కాల్చు. ఇనుప కడ్డీతో కొడితే మూతి దగ్గరి గీతలు పోతయి, అదే బారెల్‌కు ప్రాణం.

ఇంకోటి, కాల్చకుండ బోల్ట్ రెండోసారి లాగొద్దు. రెండు గుండ్లు ఒకదానెనక ఒకటి పోయి ఇరుకుతయి. మ్యాగజైన్ ఖాళీ అయినట్టు తెలిపే లాక్ లేదు కాబట్టి ఆరు లెక్కబెట్టుకో. ఖాళీగ కాలిస్తే పిస్టన్ ముందు గోడకు గుద్దుకుంటది.

హనుమకొండ_310:
అర్థమైంది. నూనె ఏది వెయ్యాలె? సిలికాన్ స్ప్రే ఉంది.

లేత్‌పట్టి:
తోలుకు సిలికాన్ వద్దు, అది సింథటిక్ సీలుకు పనికొస్తది. స్ప్రింగ్ మీద పడితే ఇనుము ఇనుమును తినడం ఆపదు. కుట్టుమిషన్ నూనె 5 చుక్కలు మూతిలకెళ్లి వెయ్యి, మూతి పైకి చేసి రాత్రంత నిలబెట్టు. తెల్లారి మొదటి రెండు మూడు కాల్పులకు పొగ, చప్పుడు వస్తది, నూనె మండుతంది కాబట్టి. అప్పుడు బోల్ట్ దగ్గర ముఖం పెట్టకు. పది కాల్పుల తర్వాత కూడా ఢామ్మంటే నూనె ఎక్కువైంది, ఆగి బట్టతో తుడువు.

నూనె తర్వాత కూడా దెబ్బ రాకపోతే, బోల్ట్ బారెల్ కలిసే చోట సన్నటి టిష్యూ ముక్క పెట్టి కాల్చు. కదిలితే లీకు అక్కడ. కదలకపోతే తోలు మార్చాల్సిందే.

తోలు చెప్పుల దుకాణంల దొరికే క్రోమ్ తోలు వద్దు, ఒత్తితే ఆకారం నిలవదు. తంగేడు చెక్కతో ఊనిన 3 మి.మీ. తోలు గోరువెచ్చటి నీళ్లల్ల పావుగంట నానబెట్టి, లేత్‌ల చేయించిన అచ్చుల ఒత్తి, నీడల రెండు రోజులు ఆరబెట్టాలె. గిన్నె నోరు ముందుకు, బారెల్ దిక్కు ఉండాలె. తిరగేసి పెడితే గాలి ఒత్తిడికి అంచు విచ్చుకోదు, మూసుకుంటది. కొలత సిలిండర్ లోపలిది తీసుకో, పాత తోలుది కాదు, అది కుదించుకొని ఉంటది.

విప్పేటప్పుడు స్ప్రింగ్ మీద ముందే ఒత్తిడి ఉంటది. చేత్తో ఎండ్ క్యాప్ (వెనక మూత) విప్పితే ముఖం మీదికి వస్తది. వడ్రంగుల సాష్ క్లాంప్‌ల (పొడుగు బిగింపు పట్టీ) బిగించి, మెల్లగ వదులు. విప్పి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కకు. స్టాక్ (కట్టె పిడి) స్క్రూలకు సరిగ్గ సరిపోయేటట్టు స్క్రూడ్రైవర్ మొన అరగదీసుకో, స్లాట్ చెడితే వస్తువు విలువ సగం పోయినట్టే.

జూలూరి_పాతవస్తువులు:
విలువ మాట వచ్చింది కాబట్టి: నీలం పూత మీద తుప్పు కనబడితే ఇసుక కాగితం, బఫింగ్ వద్దు. సన్నటి 0000 ఉక్కు ఊలును నూనెల ముంచి మెల్లగ రాయి. ముద్రలు, నంబరు మసకబారితే మళ్లీ రావు. వానకాలంల తోలు సంచిల పెట్టకు, తేమ పట్టుకొని ఉంటది. నూనె బట్టతో తుడిచి, స్ప్రింగ్ కాక్ చెయ్యకుండ వదిలిపెట్టి, గాలి తగిలే అల్మారల నిలబెట్టు.

చట్టం: ఆయుధ నియమాలు 2016 ప్రకారం .177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు దాటని, 20 జౌళ్ల (గుండు దెబ్బ బలం కొలత) లోపు ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. 0.5 గ్రాముల గుండు సెకనుకు 150 మీటర్ల వేగంతో పోయినా 5.6 జౌళ్లే. అయినా పిట్టల మీద ఎత్తితే 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది.

హనుమకొండ_310:
పట్టీకి రంధ్రం వేసి 20 గుండ్లు జార్చి చూసిన. ఒక్కటి కూడా దిగలే. ఇవ్వాళ నూనె పోసి నిలబెడ్త.