రూల్స్ డేటాబేస్‌లో పెట్టాం, ఒక్కో సర్వర్ ఒక్కో ధర చెబుతోంది

ప్రశ్న:
నమస్కారం. మా అప్లికేషన్ వైల్డ్‌ఫ్లై అనే జావా అప్లికేషన్ సర్వర్ మీద నాలుగు నోడ్లలో (సర్వర్లలో) నడుస్తుంది. డిస్కౌంట్ రూల్స్ డ్రూల్స్ అనే రూల్ ఇంజిన్‌లో రాసుకున్నాం. చిన్న మార్పుకి కూడా డిప్లాయ్ (అప్లికేషన్‌ని మళ్లీ సర్వర్లలో పెట్టడం) చేయాల్సి వస్తోందని డీఆర్‌ఎల్ (డ్రూల్స్‌లో రూల్స్ రాసే భాష) టెక్స్ట్ అంతా ఒక టేబుల్‌లో, పెద్ద టెక్స్ట్ పట్టే క్లాబ్ కాలమ్‌లో పెట్టాం. సర్వర్ లేచేటప్పుడు చదివి మెమరీలో ఉంచుకుంటాం.

మొన్న ఒక రూల్‌లో 5 శాతాన్ని 7 చేసి, అదే రోని (టేబుల్‌లోని వరుసని) అప్‌డేట్ చేశాను. రూల్స్ మళ్లీ చదవమనే రీలోడ్ కాల్, రిక్వెస్టుల్ని నోడ్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ గుండా వెళ్లి ఒక్క నోడ్‌కే చేరింది. మిగతా మూడూ రెండు గంటలపాటు పాత శాతమే వేశాయి. ఏ ఆర్డర్‌కి ఏ రూల్ పడిందో చూపించమన్నారు. పాతదాని మీదే కొత్తది రాసేశాను కదా, ఏం చూపించను? రాత్రంతా టెన్షన్. అసలు రూల్స్‌ని డేటాబేస్‌లో పెట్టడమే తప్పంటారా?

సమాధానం 1:
పెట్టడం తప్పు కాదండి, ఉన్న రోని దిద్దడం తప్పు. ఇదే దెబ్బ నేనూ తిన్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

మా టేబుల్‌లో రూల్ పేరు, వెర్షన్, టెక్స్ట్, అమలు మొదలయ్యే సమయం, ఆమోదించినవాళ్ల పేరు ఉంటాయి. మార్పు అంటే కొత్త రో, అంతే. అప్లికేషన్ లాగిన్‌కి ఆ టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ హక్కులు తీసేశాం. ముగింపు తేదీ కాలమ్ పెట్టకండి. పెడితే కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత రోని మళ్లీ ముట్టుకోవాలి. తర్వాతి వెర్షన్ ఎప్పుడు మొదలైతే ముందుది అప్పటితో ముగిసినట్టే.

నోడ్ల సంగతి. రీలోడ్ కాల్ మీద ఆధారపడకండి. మా నోడ్లు 30 సెకన్లకోసారి కొత్త వెర్షన్ ఉందేమో టేబుల్‌లో చూసుకుంటాయి. అయినా ఆ 30 సెకన్ల తేడా ఉంటుంది కాబట్టి, అమలు సమయాన్ని సేవ్ చేసిన కనీసం పది నిమిషాల తర్వాతకి పెడతాం. ఈలోపు అన్ని నోడ్లూ కొత్తదాన్ని లోడ్ చేసుకుని, పాతదాన్నీ పక్కన ఉంచుకుంటాయి. ఏది వాడాలో ఆర్డర్ సమయం చూసి తేలుస్తాం. ఆ సమయం డేటాబేస్ గడియారం నుంచి తీసుకోండి, ఒక్కో సర్వర్ గడియారం ఒక్కోలా ఉంటుంది. వాడిన వెర్షన్ నంబర్‌ని ఆర్డర్ రోలోనే రాయండి. రేపు ఎవరైనా అడిగితే మీ జవాబు అదే.

సమాధానం 2:
పైన చెప్పింది బాగుంది. కానీ ఆ 7 అసలు డీఆర్‌ఎల్‌లో ఎందుకుంది? శాతాలు, పరిమితులు తేదీతో సహా వేరే టేబుల్‌లో పెట్టండి, ఫ్లోట్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకం) కాకుండా డెసిమల్ కాలమ్‌లో. షరతులు మాత్రం గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం), టెస్టులతో ఉండనివ్వండి. వాటికి డిప్లాయ్ చేయాల్సి వచ్చినా నష్టం లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే లెక్క చూశాను. మావి 41 రూల్స్, అందులో 33 రూల్స్‌లో ఇన్నాళ్లూ మారింది అంకె ఒక్కటే! అవి టేబుల్‌లోకి మారుస్తాను. మిగతా 8 డీఆర్‌ఎల్‌గా డేటాబేస్‌లోనే ఉండాలని మావాళ్లు అంటున్నారు. వాటిలో ఎవరైనా తప్పు టెక్స్ట్ సేవ్ చేస్తే సర్వర్ లేవదేమోనని భయం.

సమాధానం 1:
సేవ్ నొక్కినప్పుడే కంపైల్ చేసి తప్పులున్నాయేమో చూడండి. టెక్స్ట్‌ని డ్రూల్స్ లైబ్రరీలోని కీఫైల్‌సిస్టమ్‌లోకి రాసి, కీబిల్డర్‌తో బిల్డ్ఆల్ పిలిచి, గెట్‌రిజల్ట్స్‌లో ఎర్రర్ ఉంటే రో ఇన్సర్ట్ చేయకండి. ఆ ఎర్రర్ లైన్ నంబర్‌తో వస్తుంది, దాన్నే స్క్రీన్ మీద చూపించండి.