"ఆయన నన్ను చంపినను…" తర్వాత ఏంటి? యోబు మాట గురించి

నిమ్మళం:
కొన్నాళ్ళుగా ఒక వాక్యం సగమే గుర్తొచ్చి వేధిస్తోందండీ. "ఆయన నన్ను చంపినను నేను ఆయనను…" ఆ తర్వాత నమ్ముదును అనా, ఆశ్రయింతును అనా, ఇంకేమన్నానా? యోబు గ్రంథమే, 13వ అధ్యాయం దగ్గర్లోనే, అంతవరకు ఖాయం. ప్రసంగాల్లో ఎప్పుడూ "నమ్ముదును" అనే విన్నా, కానీ చదివినప్పుడు ఇంకేదో పొడుగాటి క్రియ ఉన్నట్టు గుర్తు. చాలాకాలంగా మంచం మీదున్న ఒక పెద్దావిడకి ఉత్తరం రాస్తున్నాను, అందులో ఈ మాట సరిగ్గా పడాలి.

అరసున్న:
యోబు 13:15. "ఇదిగో ఆయన నన్ను చంపినను నేను ఆయనకొరకు కనిపెట్టుచున్నాను". నమ్ముదును అనేది కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ నుంచి ప్రసంగాల్లోకి దిగిన మాట, వాళ్ళు ట్రస్ట్ అన్నారు, మనవాళ్ళు దాన్నే నోటికి తెలుగు చేసుకుని చెప్తుంటారు. మన పాత అనువాదంలో ఆ చోట నమ్మకం అన్న మాటే లేదు. నన్నడిగితే లేకపోవడమే మంచిదైంది, నమ్మకం అనేది లోపల పెట్టుకునేది, కనిపెట్టడం అంటే కళ్ళు తెరుచుకుని కూర్చోవాలి.

యతిమైత్రి:
కళ్ళు తెరుచుకుని అన్నారు, నేనూ అదే చెప్దామని వచ్చా. కని, పెట్టు. చూపు ఒకచోట పెట్టి ఉంచడం. ఇవాళ కనిపెట్టడం అంటే దొంగని కనిపెట్టడం, కొత్త మందు కనిపెట్టడం, అంతే మిగిలింది, అందుకే కుర్రాళ్ళకి ఈ వాక్యం చదివితే దేవుడు ఎక్కడున్నాడో యోబు వెతుకుతున్నాడు అనుకుంటున్నారు. కానీ "అమ్మానాన్నల్ని కనిపెట్టుకుని ఉండు" అంటాం చూడండి, అందులో పాత అర్థం బతికే ఉంది. అయితే అక్కడ కనిపెట్టుకునేది బలమున్నవాడు, కనిపెట్టబడేది బలహీనులు. యోబులో తిరగబడింది, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్నవాడు దేవుణ్ణి కనిపెట్టుకుని ఉన్నానంటున్నాడు. ఈ తిరగబాటు అనువాదకులు కావాలనే చేశారని నా గట్టి నమ్మకం.

వెన్నెలపుట:
యతిమైత్రి గారూ, కావాలని చేశారంటే ఒప్పుకోను. ఒక్క యోబులో ఉంటే అనుకోవచ్చు గానీ ఆ బైబిల్లో ఎదురుచూడడానికి మామూలు మాటే అది. కీర్తన 130 చూడండి, "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది". అక్కడ కావలివాడు ఎవరినీ సాకట్లేదు, తెల్లారుతుందని తెలుసు, ఎప్పుడో తెలీదు, అంతే. విలాపవాక్యములు 3:26లో "ఓపికతో కనిపెట్టుట మంచిది" అన్నదీ అలాంటిదే, ఊరు కాలి బూడిదయ్యాక అన్న మాట అది. ఇంకో విషయం, 27వ కీర్తన చివర్లో "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంది, యెషయా 40:31లో "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అని ఉంది, రెండు చోట్లా హీబ్రూ ధాతువు ఒకటే, కవా. తెలుగులో ఒకచోట కనిపెట్టు, ఒకచోట ఎదురుచూడు. కాబట్టి లోతైన తేడా ఏమీ పెట్టుకోలేదు వాళ్ళు.

యతిమైత్రి:
కవా సరే అక్కా, యోబు 13:15లో ఉన్నది కవా కాదు కదా, యఖల్ అనే ఇంకో ధాతువు. మీ ఉదాహరణలు ఈ చోటికి సాక్ష్యం ఎలా అవుతాయి?

వెన్నెలపుట:
130వ కీర్తనలో 5వ వచనం చూడు తమ్ముడూ, కవా, యఖల్ పక్కపక్కనే ఉంటాయి, జంటగా.

తాటాకు:
మీరిద్దరూ క్రియ పట్టుకుని కొట్టుకుంటున్నారు, అసలు గొడవ దాని ముందున్న ఒక్క అక్షరం. హీబ్రూలో "హేన్ యిక్తెలేనీ, లో అయఖేల్". ఆ "లో" రాతప్రతి పాఠంలో హీబ్రూ అక్షరాలు లామెద్ ఆలెఫ్‌తో ఉంది, అంటే "కాదు, లేదు". పక్కన చదవవలసిన రూపం అని లామెద్ వావ్ ఇచ్చారు, అంటే "ఆయనకి, ఆయనకొరకు". రాసింది కెతీవ్, చదివేది కెరే. చెవికి రెండూ "లో"నే. ఒకలా చదివితే "ఆయనకొరకు కనిపెట్టుచున్నాను", ఇంకోలా చదివితే "నాకు ఇంక ఆశ లేదు". ఆధునిక ఇంగ్లిష్ అనువాదాల్లో కొన్ని రెండోదే తీసుకున్నాయి. మన తెలుగు కెరే ప్రకారం నడిచింది. కాబట్టి ఉత్తరం రాసేవారు ముందు తేల్చుకోవాల్సింది కనిపెట్టు కాదు, ఆ "లో".

నిమ్మళం:
అయ్యో, అయితే ఆవిడకి రాయొచ్చా రాయకూడదా? చావుకి దగ్గర్లో ఉన్న మనిషికి "ఆశ లేదు" అనే అర్థం కూడా ఉన్న వాక్యం పంపితే ఎలా?

అరసున్న:
తాటాకు గారు చెప్పింది పాత సంగతే, కానీ మిగతా సగం చెప్పలేదు. ఆలెఫ్‌తోనే చదివాం అనుకుందాం. అప్పుడు కూడా వచనం అక్కడ ఆగదు, "ఆయన సన్నిధిని" నా మార్గం సరైనదని వాదిస్తాను అంటాడు. మొహం మీదే. ఆశ లేదన్నవాడు ఎక్కడికి పోతున్నాడు? వేరే దేవుడి దగ్గరికి కాదు, మౌనంలోకి కాదు, చంపుతున్నాడనుకున్న ఆయన దగ్గరికే. తర్వాతి వచనంలో భక్తిహీనుడు ఆయన ముందుకి రాడు అని తానే అంటాడు. నాకైతే ఏ "లో" అయినా విశ్వాసమే.

ఇంకో మాట, "ఇదిగో", "చంపినను" రెండూ తెలుగులో ఉండడం గమనించారా? మూలంలో ఉన్నది ఒక్క "హేన్". దానికి ఇదిగో అనే అర్థం ఉంది, హీబ్రూకి చుట్టమైన అరమాయిక్ భాష పోలికతో చూస్తే "ఒకవేళ" అనీ చెప్పుకోవచ్చు. మనవాళ్ళు ఇదిగో అని పెట్టి మళ్ళీ క్రియకి "అయినా సరే" అనే అప్యర్థకం తగిలించారు. అందుకే తెలుగు వాక్యం అంత బరువుగా దిగుతుంది.

యతిమైత్రి:
అరసున్న గారి వాదన వింటే పోతన గజేంద్రుడు గుర్తురాకుండా ఎలా ఉంటాడు. "కలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో". ఇదీ ఆ "లో" లాంటిదే, ఉన్నాడు ఉన్నాడు అంటున్నారే, ఆయన ఉన్నాడా లేడా? మొసలి నోట్లో కాలు పెట్టుకుని అడిగిన ప్రశ్న. దాన్ని నాస్తికత్వం అని ఎవరూ అనరు. ఆ వెంటనే సీసంలో "కలుగఁడే నాపాలి" అని మొదలుపెడతాడు, తర్వాత "లావొక్కింతయు లేదు" దగ్గరికొచ్చేసరికి సందేహం కరిగిపోయి "నీవే తప్ప నితఃపరం బెరుగ" అంటాడు. కందంలో అనుమానం, శార్దూలంలో శరణు. ఛందస్సు కూడా ఊపిరి అందనప్పుడు చిన్నది, అరిచేటప్పుడు పెద్దది.

వెన్నెలపుట:
పద్యం అద్భుతం, కాదనేవాళ్ళెవరు. కానీ పోలిక సగం దూరమే వస్తుంది. గజేంద్రుణ్ణి పట్టింది మొసలి, విడిపించాల్సింది దేవుడు. యోబు దృష్టిలో పట్టిందీ ఆయనే, విడిపించాల్సిందీ ఆయనే. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నవాడు కదా, మధ్యలో ఇంకెవరినీ నిందించడు. మనకి తెలిసిన సాతాను సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. శత్రువు నుంచి కాపాడమనడం వేరు, నీ చేతి నుంచి నీ దగ్గరికే పారిపోయి వస్తున్నా అనడం వేరు. దానికి దగ్గరగా తెలుగులో చూడాలంటే జాషువానే చూడాలి. గబ్బిలంలో అంటరానివాడన్న మనిషికి గుడి తలుపులు మూసేశారు, అయినా తన గోడు శివుడికే చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. ఫిర్యాదు చెప్పుకోవడానికి ఇంకా ఒకడున్నాడు అనుకోవడమే కదా అది. రాసినాయన క్రైస్తవ ఇంట్లో పుట్టి కీర్తనలు వింటూ పెరిగినవాడు, ఆ విలాపకీర్తనల నడక ఆ కావ్యంలో ఉందని నేను ఎప్పుడూ అంటాను.

యతిమైత్రి:
అక్కా, గబ్బిలం మేఘసందేశం దారిలో వచ్చిన సందేశకావ్యం. విలాపకీర్తనలు దానికెందుకు? క్రీస్తుచరిత్ర గురించి అంటే ఒప్పుకునేవాణ్ణి, దానికే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

వెన్నెలపుట:
రూపం మేఘసందేశానిది. మేఘసందేశంలో యక్షుడు పెళ్ళానికి కబురు పంపాడు, ఇక్కడ దేవుడికి. కబురు అందుకునేది ఎవరన్నది మారితే కావ్యం మారిపోదా?

తాటాకు:
జాషువా మీద విడిగా మాట్లాడుకుందాం, బాగుంటుంది. "లో" సంగతికి వస్తాను, ఎందుకంటే ఇదే అక్షరం ఇంకా చాలాచోట్ల ఇలాగే రెండుగా ఉంది. 100వ కీర్తనలో "మనము ఆయన వారము" అన్నది ఒకటి, ఆలెఫ్‌తో చదివితే "మనల్ని మనం చేసుకోలేదు" అవుతుంది. నిమ్మళం గారికి పనికొచ్చేది ఇంకొకటుంది, యెషయా 63:9, "వారి యావద్బాధలో ఆయన బాధనొందెను". అక్కడా రాసింది "లేదు", చదివేది "ఆయనకి". అంటే ఆపదలో మనిషి దేవుణ్ణి కనిపెట్టుకుని ఉన్నాడా, మనిషి బాధ దేవుడికి తగిలిందా, రెండు ప్రశ్నలూ ఒకే అక్షరం మీద నిలబడ్డాయి. రెండుచోట్లా చదివే సంప్రదాయం "ఆయన" వైపే మొగ్గింది.

అరసున్న:
యెషయా చోటు నిజంగా మంచి పట్టు. నిమ్మళం గారూ, రెండూ కలిపి రాయండి ఆవిడకి. నేనైతే అదే చేస్తా.

నిమ్మళం:
రెండూ రాస్తాను. కానీ "కనిపెట్టుచున్నాను" ఆవిడకి ఏ అర్థంలో తగులుతుందో అన్నదే ఇంకా…

యతిమైత్రి:
చాకిరీ చేయించుకుంటున్న మనిషికి సాకడం అన్న నా అర్థమే తగులుతుంది, చూడండి కావాలంటే.

తాటాకు:
ఈ తగువు మనతో మొదలైంది కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మబోధల సంకలనం మిష్నాలో, సోటా అనే భాగం 5:5లో, యెహోషువ బెన్ హిర్కనోస్ అనే రబ్బీ ఈ వచనం చూపించి యోబు భయంతో కాదు ప్రేమతో దేవుణ్ణి సేవించాడు అంటాడు. వెంటనే అక్కడే, మాట ఇంకా తూగుతూనే ఉంది, "ఆయనకొరకు" అనా "లేదు" అనా అని అడిగి, 27:5కి వెళ్తారు, "మరణమగువరకు నేనెంతమాత్రమును యథార్థతను విడువను". దాంతో ప్రేమే అని తేల్చారు.

వెన్నెలపుట:
తేల్చడం ఎక్కడ? 27:5లో యథార్థత అన్న మాట తుమ్మా, 1:1లో "యథార్థవర్తనుడు" అన్నది తామ్, రెండూ ఒకే కుదురు. ఆ 1:1 చూపించే కదా యోహానాన్ బెన్ జక్కయ్ అనే ఇంకో రబ్బీ అంతకుముందు యోబు భయంతోనే సేవించాడని బోధించింది. అదే మాట అటూ సాక్ష్యమే, ఇటూ సాక్ష్యమే.

తాటాకు:
1:1లో ఆయన పట్టుకున్నది తామ్ కాదండీ, "భయభక్తులు కలిగి" అన్న భాగం. ఆగండి, ఆ వచనం మొత్తం ఎక్కించి మాట్లాడతా.