చేతి పనిముట్లతో చెక్క జాయింట్లు నేర్చుకోవడానికి మంచి పుస్తకం?

మేకులు, స్క్రూలు లేకుండా రంపం, ఉలి, చిత్రికలతోనే ఒక టేకు స్టూలు చేస్తున్నాను. పని మార్టిస్-టెనన్ జాయింట్ (ఒక చెక్క చివరి నాలుక ఇంకో చెక్క బెజ్జంలో దిగేది) దగ్గర ఆగిపోయింది. అడ్డ చెక్క మందం 36 మి.మీ. అందులో మూడో వంతు, అంటే 12 మి.మీ. నాలుక వదిలి, అదే వెడల్పు ఉలితో కాలికి బెజ్జం కొట్టాను. బిగుతుగానే దిగుతోంది కానీ ఒక పక్క 1 మి.మీ. సందు మిగిలి, ఫ్రేమ్ మెలి తిరుగుతోంది. మూలమట్టంతో సరిచూసి, కత్తితో గీత గీసి, ఇంకో చెక్క మీద మళ్ళీ కోశాను. అదే తంతు. వీడియోల్లో చూద్దామంటే సరిగ్గా బిగించే చోటే ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేస్తారు! నా దగ్గరున్న పాత ఐటీఐ పుస్తకంలో జాయింట్ల బొమ్మలున్నాయి, అంతే.

గీతలు గీయడం నుంచి బిగింపు సరిచేయడం దాకా, చేతి పనిముట్లతోనే దశలవారీగా చూపించే పుస్తకం, తెలుగైనా ఇంగ్లిషైనా, మీరు చదివి పని నేర్చుకున్నది ఏది?