మెక్సికో కుస్తీ లూచా లిబ్రేలో ముసుగు లాగేస్తే ఏమవుతుంది?

పెన్నగట్టు, అనంతపురం:
మన ఉరుసు కుస్తీల్లో ఒకసారి వెల్లకిలా పడితే అయిపోయినట్టే. మెక్సికోలో పడినోడు లేచి మళ్లీ కలబడతాండాడు. ముగ్గురేసి దిగుతారు, ఎవరెప్పుడు మారుతారో అర్థం కాదు. ముసుగు సంగతి కూడా చెప్పండన్నా.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
సంప్రదాయంగా మూడు పట్లు, అంటే మూడు రౌండ్లు, రెండు గెలిచినోళ్లదే ఆట. ముగ్గురి జట్టుకు ఒక కెప్టెన్. అతన్ని పడగొట్టినా, మిగతా ఇద్దర్నీ పడగొట్టినా ఆ పట్టు పోయినట్టే. చెయ్యి తట్టి మారాల్సిన పన్లేదు. ఒకడు రింగు దిగి నేలమీద పడితే జట్టులో ఇంకొకడు లోపలికి రావచ్చు. కొత్తోళ్లు తికమకపడేది ఇక్కడే.

ముసుగుకు వెనకాల లేసు ఉంటాది. రెఫరీ చూస్తుండగా లాగేస్తే ఆ పట్టు పోతుంది. అందుకే రూడోలు, అంటే తొండాట ఆడేవాళ్లు, రెఫరీ అటు తిరిగినప్పుడు లేసు విప్పుతారు. ముసుగు ఊడినోడు రెండు చేతులతో ముఖం దాచుకుంటాడు, ఇంక వాన్ని పడగొట్టడం ఎంతసేపు?

గండికోట, కడప:
అసలు మజా పందెం కుస్తీలో. ముసుగుకు ముసుగు, లేదా ముసుగుకు జుట్టు. ఓడినోడు రింగులోనే ముసుగు తీసి అసలు పేరు, ఊరు చెప్పాల. జుట్టు పందెమైతే అక్కడే గుండు, తిరుపతి దాకా పోయే పన్లేదు! 1952 నవంబరు 7న ఎల్ సాంతో అనే ముసుగు మల్లుడు బ్లాక్ షాడో అనే మల్లున్ని ఓడించి గెలిచిన ముసుగు ఇప్పటికీ పెద్ద పేరు. సాంతో మాత్రం 1984లో ముసుగుతోనే మట్టిలో కలిశాడు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
ఇంకోటి. మనిషిని తలకిందులుగా పట్టుకొని తల నేలకేసి కొట్టే మార్తినేతే అక్కడ నిషేధం. మెడ మీద బరువంతా పడుతుంది. పిల్లోళ్లు పరుపుల మీద కూడా చెయ్యకూడదు.